ఒరలో ఒక్క కత్తి కూడా ఇమడదు

తొలకరి వాన పడిందంటే కర్నూలు జిల్లా జొన్నగిరి చుట్టూ చేలన్నీ మనుషులతో నిండిపోతాయి. వంగిన నడుములు, నేల మీదే చూపులు. తుగ్గలి, మద్దికెర, పత్తికొండ దాకా అదే తంతు. ఆ రోజుల్లో ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషిని ఏం పని మీద వచ్చావని ఎవరూ అడగరు. వజ్రాల కోసమే అనుకుంటారు. నేను వెళ్లింది ఇనుము కోసం.

తెలిసినవాళ్ల ఇంట్లో అటక మీద పాత కత్తి ఒకటి ఉందని కబురు వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ, వీధి వీధంతటికీ జేజి, పాత చీర ముక్కలో చుట్టిన దాన్ని తెచ్చి నులకమంచం మీద పెట్టింది. విప్పితే ఒర. దాని మీది తోలు నల్లబడి, అంచుల దగ్గర అప్పడంలా పెళుసెక్కి ఉంది. పిడి ఇనుపది, చివర చిన్న పళ్లెంలాంటి బిళ్లతో. దాని మీద ఏళ్ల తరబడి పెట్టిన పసుపూ కుంకుమా నూనెతో కలిసి పొరలు పొరలుగా గట్టిపడ్డాయి. జేజి మనవడు ఒర ఒక చేత్తో, పిడి ఒక చేత్తో పట్టుకుని లాగాడు. రాలేదు. ఒరను మోకాళ్ల మధ్య ఇరికించుకుని రెండు చేతులా లాగబోతుంటే ఆగమని అరిచినంత పని చేశాను.

"అది బయటికి రాక ఇరవై ఏండ్లయింది నాయనా. ఆయప్ప ఉండంగ దసరాకు తీస్తాండె" అంది జేజి.

అతను లాగి ఉంటే ఏం జరిగేదో చెబుతాను. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉన్నచోటు చాలదు, రెండు మూడు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఒర లోపలి చెక్కకూ కత్తి ఒంటికీ మధ్య గోరంత సందు కూడా ఉండదు. ఆ సందును తుప్పు నింపేసి చెక్క నారల్లోకి దూరి పట్టు బిగించింది. గట్టిగా లాగితే మూడింటిలో ఒకటి తప్పదు. ఒర నిలువునా చీలాలి. లేదా పిడి ఊడిరావాలి, ఎందుకంటే మన పాత కత్తుల్లో చాలావాటికి పిడిలో కత్తి తోకను నిలిపేది మేకులు కావు, కరిగించి పోసిన లక్క, గుగ్గిలంలాంటి జిగురు. అదీ కాకపోతే కత్తి వస్తుంది గానీ దాని పైపొర ఒరలోనే ఉండిపోతుంది. మూడోది చూడ్డానికి చిన్న నష్టంలా కనిపిస్తుంది. నా లెక్కలో అదే అన్నింటికన్నా పెద్దది. ఎందుకో ఆదోని దాకా వెళ్తే తెలుస్తుంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. మ్యూజియంలో పనిచేసేవాళ్లు ఒక్కటి కూడా ఇమడదంటారు. ఒర అంటే రెండు చెక్క పలకలు, పైన తోలు. చెక్క ఎంత ఎండినా కొద్దికొద్దిగా పుల్లటి ఆవిరి విడుస్తూనే ఉంటుంది. వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లమే అది. కొన్ని చెక్కలు ఎక్కువ విడుస్తాయి, కొన్ని తక్కువ. ఇక తోలు సంగతి. రాయలసీమ గుట్టల మీద ఎక్కడ చూసినా కనిపించే తంగేడు చెట్టు బెరడుతోనే మనవాళ్లు తరతరాలుగా తోళ్లు పదును చేశారు. ఆ బెరడులోని టానిన్లు చర్మంలోని కొలాజెన్ పోగులను పట్టుకుని కుళ్లకుండా ఆపుతాయి. కానీ తడి తగిలితే అవే టానిన్లు ఇనుము వైపు తిరుగుతాయి. కరక్కాయ రసంలో అన్నభేది కలిపి తాతల కాలంలో సిరా చేసేవారు కదా, కరక్కాయలో ఉన్నది టానిన్, అన్నభేదిలో ఉన్నది ఇనుము. తడిసిన తోలు ఒరలో కత్తిని పెడితే జరిగేదీ అదే, ఒర లోపల సిరా తయారవుతుంది. కత్తికి నల్ల మచ్చలు పడతాయి, తోలు ఇనుము తగిలినచోట పొడిపొడిగా రాలుతుంది. ఒరను ప్రయాణానికి చేశారు. మనం కాపురానికి వాడుతున్నాం.

ఇందులో తమాషా ఏమిటంటే, తవ్వకాల్లో దొరికిన ఇనుమును నిలబెట్టడానికి ప్రయోగశాలల్లో పూసేదీ టానిక్ ఆమ్లమే. అక్కడ అది తుప్పుతో కలిసి నీలి నలుపు పొరగా ఏర్పడి, కింద ఉన్న ఇనుముకు గాలీ తేమా తగలడాన్ని తగ్గిస్తుంది. కొలతతో, శుభ్రం చేసిన ఇనుము మీద, ఆరబెడుతూ పూస్తే మందు. ఒరలో చీకట్లో తనంతట తాను జరిగితే రోగం.

ఇక ఆదోని. 1688-89లో ఔరంగజేబు సైన్యం ఆదోని కోటను పట్టుకుంది. అప్పటిదాకా కోట బీజాపూర్ పక్షాన సిద్ది మసూద్ ఖాన్ చేతిలో ఉంది. ఊళ్లోని జామియా మసీదు ఆయన కట్టించిందే. మొగలు సైన్యంలో బికనీర్ రాజు అనూప్ సింగ్ కూడా ఉన్నాడు. కోటలోని ఆయుధాగారం నుంచి తన వాటాగా వచ్చిన కత్తులు, కటారులు, కవచాలు ఆయన తన ఊరికి పంపించాడు. బికనీర్‌లోని జునాగఢ్ కోటకు అవి చేరాయి. ఆయన మాత్రం తిరిగి వెళ్లలేదు. ఆదోని పాలన చూస్తూ 1698లో ఇక్కడే చనిపోయాడు.

ఆ ఆయుధాలు ఆదోనివని మనకెలా తెలిసింది? బికనీర్ వాళ్లు లెక్క కోసం వాటి మీద సన్నటి ఉలి మొనతో చుక్కలు చుక్కలుగా దేవనాగరి అక్షరాలు కొట్టించారు. ఎక్కడ పట్టుకున్నది, ఏ ఏడు, ఎవరి కాలం. కడవల మీదా బిందెల మీదా మన ఇళ్లల్లో పేర్లు కొట్టించుకున్నట్టే. కాలక్రమంలో కొన్ని వస్తువులు బికనీర్ దాటి విదేశీ మ్యూజియాలకు చేరాయి. ఎక్కడికి పోయినా ఆ చుక్కలే వాటి ఊరి పేరు చెబుతున్నాయి. దక్కన్ ఆయుధాల చరిత్ర రాసేవాళ్లకు ఇది దొరికిన పెన్నిధి, ఎందుకంటే ఇక్కడి కత్తుల్లో ఏది ఎప్పటిదో తేదీతో చెప్పగలిగినవి బహు తక్కువ.

ఆ చుక్కల లోతు ఎంత? వేలితో తడిమితే తగిలీ తగలనంత. ఏటా దసరాకు ఇటుక పొడితో రుద్ది, నాలుగేళ్లకోసారి సాన పట్టించి ఉంటే ఏమయ్యేదో లెక్క వేద్దాం. ఒక్కో రుద్దుడుకు మిల్లీమీటరులో నూరోవంతు పోతుందనుకోండి. వంద దసరాలకు ఒక మిల్లీమీటరు. చుక్కలు మొదటి పదీ ఇరవై దసరాల్లోనే మాయం. బికనీర్‌లో అవి మిగిలాయంటే రెండు కారణాలు తోస్తాయి నాకు. ఒకటి ఎడారి. అక్కడ ఏడాదికి కురిసేది 300 మిల్లీమీటర్ల లోపే. రెండోది, కొల్లగొట్టిన సొత్తు కాబట్టి గదిలో పెట్టి తాళం వేశారు. ఎవరూ ముద్దు చేయలేదు.

ముద్దు చేయడం గురించి నాకు కొంత అనుభవం ఉంది. పదిహేనేళ్ల వయసులో మా బంధువుల ఇంట్లో ఒక బాకును చింతపండుతో నానబెట్టి, ఇసుకతో తోమి, అద్దంలా మెరిపించాను. మెచ్చుకున్నారు కూడా. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, దాని పిడి మీద అక్కడక్కడా పసుపుపచ్చగా మెరిసినవి ఇత్తడి మరకలు కావని. ఇనుము మీద సన్నటి గీతలు గీకి, ఆ గరుకులో సన్నటి బంగారు తీగను అదిమి చేసే పనితనం అది. కాగితం కన్నా పలుచన. నేను తోమింది దాన్నే.

తోమితే పోయేది బంగారమూ అక్షరాలే కాదు. మన ఉక్కు పేరు 'ఊట్జ్' అయి ప్రపంచమంతా తిరిగింది. ఆ మాటకు మూలం మన పక్క కన్నడంలోనూ మన భాషలోనూ ఉన్న 'ఉక్కు' అన్నదే చాలామంది పండితుల అభిప్రాయం. తెలంగాణలో నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో వండిన ఈ ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. ఇందులో బొగ్గుపాలు, అంటే కార్బన్, నూటికి ఒకటిన్నర దాకా ఉంటుంది. మామూలు ఇనుము కన్నా చాలా ఎక్కువ. ఆ ముద్ద మెల్లగా చల్లారి, తక్కువ వేడిలో సాగగొట్టినప్పుడు గట్టి కార్బైడ్ కణాలు వరసలు కడతాయి. పైన కొద్దిగా ఆమ్లం పూస్తే చుట్టూ ఉన్న మెత్తటి ఉక్కు నల్లబడి, కార్బైడ్ వరసలు తెల్లగా నిలిచి, చెరువు మీద గాలి వీచినప్పటి అలల్లా కనిపిస్తాయి. సాన రాయి మీద పెట్టగానే ఆ అలలు పోతాయి. తిరిగి ఆమ్లంతో తెప్పించవచ్చు గానీ ప్రతిసారీ కొంత లోహం ఖర్చు. మెరిసే కత్తి మంచి కత్తి అన్న భ్రమ మనకు స్టీలు గిన్నెల కాలంలో వచ్చింది.

తుప్పులో రెండు రకాలున్నాయని కూడా తెలిస్తే చేతులు కాస్త ఆగుతాయి. నల్లగా, గట్టిగా, నున్నగా అతుక్కున్న పొర ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు, అది చాలావరకు నిలకడైనదే. నారింజ రంగులో పొడిగా రాలుతుంటే, గోటితో గీస్తే పెచ్చులూడుతుంటే, వానాకాలంలో చిన్న చిన్న చెమట బొట్లలా ఎర్రటి నీరు ఊరుతుంటే లోపల ఉప్పు ఉందని అర్థం. ఉప్పులోని క్లోరైడు గాలి తేమను తనవైపు లాక్కుని తుప్పును ఆగనివ్వదు. అంత ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది? చౌడు నేలలో పూడి ఉండడం వల్ల రావచ్చు. మన చేతి చెమట నుంచీ రావచ్చు. తుడిచిన ఉక్కును వట్టి చేత్తో పట్టుకుంటే వానాకాలంలో వారం తిరిగేసరికి వేలిముద్రలు తుప్పుతో అచ్చుపడతాయి. అందుకే తొడుగులు. ఇది పరిశోధకుల ఆడంబరం అనుకునేవాణ్ణి.

పాత ఆయుధంతో అసలు చిక్కు వేరే ఉంది. ఒక్క వస్తువులో ముగ్గురు తోడికోడళ్లు కాపురం చేస్తుంటారు. ఇనుముకు గాలి ఎంత పొడిగా ఉంటే అంత సుఖం. గాలిలో తేమ నూటికి నలభై దాటకపోతే మంచిది, ఉప్పు పట్టిన ఇనుమైతే ఇంకా చాలా తగ్గాలి. చెక్కకు అంత ఎండితే పడదు. యాభై దగ్గర దాని ఒంట్లో తొమ్మిది శాతం నీరు ఉంటుంది, ముప్పై దగ్గర ఆరుకు దిగుతుంది. ఆ నీరు పోయినంత మేరకు చెక్క కుంచించుకుపోతుంది, అదీ నిలువునా కాదు, అడ్డంగా. తుపాకి కొయ్యకు ఇనుప పట్టీలు బిగించి ఉంటే ఇనుము కుంచించుకోదు కదా, చెక్క ఆ పట్టీ దగ్గరే చీలుతుంది. తోలు కూడా ఎండితే బిగుసుకుని కుట్ల దగ్గర తెగుతుంది. అలాగని అరవై అయిదు, డెబ్భై దాటిస్తే బూజు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఎండాకాలం మధ్యాహ్నాలు గాలిలో తేమ ఇరవై ముప్పైకి పడిపోతుంది. ముసురు పట్టిన తెల్లవారుజామున ఎనభై దాటుతుంది. ముగ్గురినీ చంపేది ఈ ఊగిసలాటే. అందుకే మిశ్రమ వస్తువులకు నలభై అయిదుకు అటూ ఇటూ ఎక్కడో ఒకచోట నిలిపి, అక్కడినుంచి కదలనివ్వకుండా చూస్తారు. ఎవరికీ పూర్తిగా నచ్చదు, ఎవరూ చావరు. తగవులు తీర్చే పెద్దమనుషుల పద్ధతి.

నూనెల గురించి అడగనివారుండరు. కొబ్బరినూనె, ఆముదం, అవిసె నూనె, ఇంట్లో ఏది ఉంటే అది పూస్తారు. గింజల నూనెల్లో చాలావాటికి గాలి తగిలితే చిక్కబడి జిగురయ్యే గుణం ఉంది. ఆ జిగురు దుమ్మును పట్టుకుంటుంది, దుమ్ము తేమను పట్టుకుంటుంది. పాత నూనె పుల్లబడుతుంది కూడా. తోలుకు నూనె పడితే మొదట మెత్తబడ్డట్టే ఉంటుంది, ఏళ్లు గడిచాక గట్టిపడుతుంది. ఒర మీద ఇత్తడి పట్టీ ఉంటే ఆ నూనెలోని ఆమ్లం రాగితో కలిసి ఆకుపచ్చ మైనంలా పొంగుతుంది, మన చిలుము లాంటిదే. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950ల్లో తేనెమైనాన్ని సైతం పక్కన పెట్టి, పెట్రోలియం నుంచి తీసిన సన్నరేణువుల మైనంతో ఒక పూత తయారు చేశారు. తేనెమైనంలో సహజంగానే ఆమ్లాలుంటాయి, అందుకు. ఇనుము మీద పలుచగా ఆ మైనం చాలు. పాత తోలుకు ఏమీ పూయకపోవడమే నయం. వినడానికి బద్ధకస్తుల సలహాలా ఉంటుంది, నాకు తెలుసు.

అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచిన కథ దసరా దసరాకు వింటాం. విరాటపర్వంలో ఒక చిన్న వివరం ఉంది. చెట్టెక్కించే ముందు అన్నదమ్ములు వింటినారులు విప్పారు. నకులుడు చెట్టెక్కి వాన తగలని చోటు చూసి మరీ పెట్టాడు. నారి బిగించి ఉంచితే ఏడాదిలో విల్లు వంగి అలాగే ఉండిపోతుంది. అది ఇప్పటి మ్యూజియం విధానమే, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఆదోనికి దగ్గర్లోనే దేవరగట్టులో దసరా అర్ధరాత్రి కర్రలతో కొట్టుకునే బన్ని ఉత్సవం జరుగుతుంది. ఆ కర్రలకు ఇలాంటి సేవలేవీ అక్కర్లేదు. వాడకంలో ఉన్న ఆయుధానికి సంరక్షకుడితో పనేముంది?

డాలు దగ్గర శత్రువు మారుతుంది. దున్నపోతు తోలుతో చేసిన డాళ్లు చాలావరకు పచ్చితోలువే, బెరడు రసం తాగనివి. టానిన్ లేదు కాబట్టి ఇనుముతో గొడవ లేదు, కానీ పురుగులకు విందు. తోలు తినే పురుగు పిల్ల బియ్యపుగింజంత ఉంటుంది, ఒంటినిండా నూగు. అది విడిచిన కుబుసాలు డాలు వెనక మెత్త సందుల్లో దొరుకుతాయి. వేపాకు వేసినా, ఎండుమిరపకాయలు వేసినా ఉన్న పురుగు చావదు. డాలును ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూతికట్టి, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. ఐస్‌క్రీము దుకాణం డీప్ ఫ్రీజరు అయినా పనికొస్తుంది, యజమాని ఒప్పుకుంటే. తీశాక సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చల్లటి చెంబు మీద పట్టినట్టు డాలుకు నీరు పడుతుంది.

తుపాకి గురించి ఒక్క మాట, ప్రాణానికి సంబంధించింది. గొట్టం మూతి నుంచి మందు కూరే పాత నాటు తుపాకి ఎవరి ఇంట్లో కనిపించినా అది ఖాళీ అని నమ్మొద్దు. తుపాకి మందు పొడిగా ఉంటే వందేళ్లకైనా అంటుకుంటుంది. సన్నటి వెదురు పుల్లను మూతిలోంచి అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన పట్టి చూస్తారు. పుల్ల కొస నిప్పు రంధ్రం దాకా రాకుండా నాలుగు వేళ్ల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. ఇక ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. సీసపు గుండ్లను చెక్క సొరుగులో దాస్తే ఆ పుల్లటి ఆవిరికి తెల్లటి పిండిగా మారతాయి. ఆ పిండి విషం.

కర్నూలు జిల్లాకు ఇలా దాచిన ఆయుధాలు కొత్త కావు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ దగ్గర కుంపిణీవాళ్లు తనిఖీ చేస్తే అంతఃపురం ఆవరణ దాకా ఫిరంగులూ మందుగుండూ బయటపడ్డాయి. రాజ్యం పోయింది. మరోచోట, తంజావూరులో, రాజవంశం ఆగిపోయాక 1860ల్లో అక్కడి ఆయుధాగారం చెదిరిపోయి, మేలైనవి కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరగా మిగతాది చాలావరకు పాత ఇనుము కింద పోయింది. ఆ మద్రాసు మ్యూజియంలోనే 1930లో పాత వస్తువులను రసాయనశాస్త్రంతో కాపాడే ప్రయోగశాల మొదలైంది. ఇప్పుడు లక్నోలో జాతీయ ప్రయోగశాల, మైసూరులో దాని ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువే. లైసెన్సు లేనివాళ్లు వ్యాపారం చేయరాదు, దేశం దాటించరాదు. ఇంట్లో ఉంచుకోవడాన్ని మాత్రం ఆ చట్టం నేరమనదు, పేలే తుపాకి సంగతి వేరు.

జొన్నగిరి కత్తిని మేం లాగలేదు. నియమం ప్రకారం కత్తీ ఒరా వేరు వేరుగా ఉండాలి, ఇక్కడ నియమం చెల్లదు. ఎక్స్‌రే తీసి లోపల ఎంత ఉక్కు మిగిలిందో చూసేదాకా వాటిని కలిపే ఉంచడం నయం. ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ, రంగు వేయనిది, అయిదు గజాలు తెప్పించాను. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్లతో సంఘం పెట్టించిన ఊరు కదా, గుడ్డకు కొదవ లేదు. దాన్ని రెండుసార్లు ఉడకబెట్టి గంజి వదిలించాం. గంజి ఉంటే పురుగుకూ బూజుకూ మనమే అన్నం పెట్టినట్టు. పిడి మీద పేరుకున్న పసుపూ కుంకుమా గీకలేదు. రాలుతున్న పెచ్చులను మాత్రం మెత్తటి కుంచెతో ఒక కాగితం మీదికి దులిపి, పొట్లం కట్టి, తేదీ రాశాను. ఏ దసరాకు పెట్టిన బొట్టో, అందులో ఏ నూనె ఉందో చెప్పగలిగేవాళ్లు ఎప్పుడైనా రావచ్చు.

జేజి పెళ్లినాటి ట్రంకుపెట్టె ఖాళీ చేసి ఇచ్చింది. తేమ చూపించే చిన్న గడియారంలాంటిది ఒకటి, సిలికా జెల్ పొట్లాలు కొన్ని. అన్నీ ఒకేసారి పెట్టేస్తే పెట్టె ముప్పైకి ఎండి తోలు చిట్లుతుంది, అందుకని రోజుకొకటి చొప్పున పెడుతూ ముల్లు నలభై అయిదు దగ్గర ఆగేదాకా చూడమని మనవడికి చెప్పాను. వజ్రాలకు పోదామని స్నేహితులు వాకిట్లో కేకలేస్తున్నా వాడు ముల్లు వైపే చూస్తున్నాడు.

జేజికి అసలు సందేహం వేరే. "పెట్టెలో పెట్టి మూస్తివి. దసరాకు బొట్టు యాడ పెట్టేది సామీ?"

పెట్టె మూత మీద పెట్టమన్నాను. ఆమె దసరా దాకా ఆగలేదు. లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, కొంగుతో మూత తుడిచి, మధ్యలో బొట్టు పెట్టింది. కాసేపు చూసి, వంగి, పెట్టెకు చెవి ఆనించినట్టు పెట్టి అడిగింది.

"లోపల ఉండేదానికి తెలుస్తాదా?"